నలభై ఐదు నిమిషాలు బొమ్మలతో ఆడిస్తే అది కౌన్సెలింగ్ అవుతుందా?

ఎంవీపీ అమ్మ

మా బాబుకు ఆరేళ్ళు, ఒకటో తరగతి చదువుతున్నాడు. దసరా సెలవులు ముగిసిన వారానికి మా మామగారు పోయారు. ఆ నెల నుంచి బాబు బడిలో నోరు విప్పడం లేదు. ఎప్పుడో మానేసిన పక్క తడిపే అలవాటు మళ్ళీ మొదలైంది. పిల్లల డాక్టరుగారు మూత్ర పరీక్ష చేయించి, ఒంట్లో లోపమేమీ లేదని చెప్పి, పిల్లలకు ప్లే థెరపీ చేసే ఒక కౌన్సెలర్ దగ్గరికి పంపారు. ప్రతి శనివారం ఇద్దరం ఆటోలో ఊరి అటు చివరకు వెళ్ళి వస్తున్నాం. ఆరు వారాలు పూర్తయ్యాయి.

నాకు అర్థం కానిది ఏమిటంటే, ఆ గదిలో ఆట తప్ప మరొకటి జరగడం లేదు. మొన్న తలుపు కొద్దిగా తెరిచి ఉంటే చూశాను. ఇసుక పోసిన చెక్కపెట్టె ముందు బాబు కూర్చుని, ఒక తెల్ల బండిని ఈ చివర నుంచి ఆ చివరకు తోసి, అంచు దాటించి కింద పడేస్తున్నాడు. ఆవిడ పక్కనే నేల మీద కూర్చుని, "బండి వెళ్ళిపోయింది" అంటున్నారు. వాడు బండిని తీసి మళ్ళీ తోస్తున్నాడు, ఆవిడ మళ్ళీ అదే మాట అంటున్నారు. నేను నిలబడిన ఆ కాసేపట్లోనే ఏడెనిమిది సార్లు ఇలా జరిగింది. "ఎందుకు నాన్నా అలా పడేస్తున్నావు" అని ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు. బయటికి వచ్చాక ఏమైనా చెప్పాడా అని నేను అడిగితే, "ఈ రోజు చాలా పని చేశాడు" అని మాత్రం అన్నారు.

మా వారిది ఓడలో ఉద్యోగం, ఇప్పుడు సెలవు మీద ఇంట్లో ఉన్నారు. ఆ ఆటేదో మనమే ఇంట్లో ఆడిద్దాం, మానిపించెయ్యమంటున్నారు. డబ్బు సంగతి అలా ఉంచినా, ఆరు వారాల కాలం వృథా అయిందేమోనన్న దిగులు నన్ను నిద్రపోనివ్వడం లేదు. మానిపించాలా, కొనసాగించాలా?

వాల్తేరు వాసి

మీ వారి మాటలో న్యాయం ఉంది. పిల్లవాడు ఆడుకుంటే మనసు తేలికపడుతుందని ప్రతి ఇంట్లోనూ తెలుసు, దానికి ఫీజు ఎందుకు? ఈ మధ్య రెండు రోజుల శిక్షణకు వెళ్ళి, సర్టిఫికెట్టు గోడకు తగిలించుకుని, థెరపిస్టునని చెప్పుకుంటున్న వారిని నేను చూశాను. ముందు ఆవిడ చదువేమిటో కనుక్కోండి. రెండో మాట, ఈ పద్ధతి పని చేస్తుందనడానికి రుజువు ఏమైనా ఉందా? ఉంటే తెలిసినవారు ఇక్కడ చెప్పాలి. నేను వాదన కోసం అడగడం లేదు. మా మనవడిని కూడా ఎవరికైనా చూపించమని బడివారు చెబుతున్నారు కాబట్టి అడుగుతున్నాను.

సీతమ్మధార

మా పాపను నాలుగు నెలలు తీసుకెళ్ళాం. ఏ వారం ఏం జరిగిందో నాకు అర్థం కాలేదు గాని, నాలుగో నెలలో పాప రాత్రి దీపం ఆర్పి పడుకోవడం మొదలుపెట్టింది. తొందరపడి మానిపించకండి.

ఆటగది

నేను పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళోనే పిల్లలతో ఈ పని చేస్తున్నాను. మీ బాబును చూడకుండా వాడి గురించి తీర్పు చెప్పను, అది తప్పు. ఆ గదిలో ఏం జరుగుతూ ఉండవచ్చో మాత్రం చెబుతాను.

ఆరేళ్ళ పిల్లవాడికి దుఃఖం ఉంటుంది గాని దాన్ని చెప్పే మాటలు ఉండవు. "ఎందుకలా ఉన్నావు" అని పెద్దవాళ్ళం అడిగితే, మన ముఖం చూసి, మనం ఏ జవాబుకు సంతోషిస్తామో ఊహించి ఆ జవాబు చెబుతాడు, లేదా మౌనంగా ఉండిపోతాడు. వాడికి పలికేది బొమ్మలతోనే. వర్జీనియా ఆక్స్‌లైన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1947లో ఈ పద్ధతికి ఎనిమిది సూత్రాలు రాశారు. పిల్లవాణ్ణి ఉన్నవాణ్ణి ఉన్నట్లుగా అంగీకరించాలి, ఆటలో దారి వాడే చూపాలి, పెద్దవాళ్ళు వెనక నడవాలి, తొందర పెట్టకూడదు అన్నవి వాటిలో ముఖ్యమైనవి. అంతకు ముందే, 1920ల చివర, లండన్‌లో మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ దగ్గర పిల్లలు ఇసుక పళ్ళెంలో చిన్న చిన్న బొమ్మలు పేర్చి తమ లోకాన్ని తామే కట్టి చూపించారు. మీరు చూసిన ఇసుకపెట్టె ఆ వరుసలోదే.

"బండి వెళ్ళిపోయింది" అన్న మాట ఖాళీ మాట కాదు. నేను చూస్తున్నాను, నీతోనే ఉన్నాను, ఆపమని అనను అని పిల్లవాడికి తెలియజేసే మాట అది. ఆ తెల్ల బండి వాడికి అంబులెన్సు కావచ్చు, అయినా ఆవిడ బండి అనే అన్నారు. పిల్లవాడు పేరు పెట్టేవరకు బొమ్మకు మేము పేరు పెట్టం. నేను దాన్ని అంబులెన్సు అంటే ఆ క్షణం నుంచి అది నా కథ అయిపోతుంది. ఎందుకు అని అడిగితే వాడు ఆటలోంచి బయటికి వచ్చి నాకు సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

మిమ్మల్ని ఒక మాట అడగాలి. మామగారు పోయిన సంగతి బాబుకు ఏమని చెప్పారు?

మధురవాడ మామ్మ

మా చిన్నప్పుడు గుజ్జనగూళ్ళు, బొమ్మల పెళ్ళిళ్ళు ఉండేవి. ఒక పిల్ల అత్తగారయ్యేది, ఒక పిల్ల కోడలయ్యేది, ఇంట్లో విన్న తిట్లన్నీ అక్కడ బయటికి వచ్చేవి. నా మనవరాలు నిన్న తన బొమ్మకు అన్నం పెడుతూ, "తినకపోతే నీతో మాట్లాడను, చెప్తున్నా" అంది. వంటింట్లోంచి విన్న నాకు అది నా కూతురి గొంతులాగే వినిపించింది. నా కూతురు కూడా విని నవ్వింది, ఆ తరువాత చాలాసేపు మాట్లాడకుండా కూర్చుంది. పిల్లలు ఆటలో అబద్ధం చెప్పరు.

ఎంవీపీ అమ్మ

ఆటగది గారు, మామగారికి అర్ధరాత్రి గుండెపోటు వచ్చింది. అంబులెన్సు వచ్చి తీసుకెళ్ళేటప్పుడు బాబు మేలుకునే ఉన్నాడు, గది గుమ్మంలో నిలబడి చూశాడు. ఆయన ఆసుపత్రిలోనే పోయారు. ఆ తెల్లవారే బాబును మా చెల్లెలి ఇంటికి పంపేశాం, పన్నెండు రోజులూ అక్కడే ఉంచాం. తాతయ్య ఊరెళ్ళారని చెప్పాం. చిన్నవాడు, తట్టుకోలేడని పెద్దవాళ్ళందరూ అన్నారు. నాకూ అదే మంచిదనిపించింది.

అది తెల్ల బండి అని రాశాను గాని, అంబులెన్సు అన్న సంగతి మీరు అనేవరకు నాకు తట్టలేదు.

సింధియా ఇల్లాలు

మా వారిది కూడా సముద్రం మీది ఉద్యోగమే, అందుకే అడుగుతున్నాను. మీ వారు ఓడ ఎక్కేటప్పుడు బాబుకు ఏమని చెబుతారు?

ఎంవీపీ అమ్మ

నాన్న ఊరెళ్ళారనే చెబుతాం.

ఇది రాస్తూ ఉంటే నా చేతులు వణుకుతున్నాయి. మామగారు పోయినప్పుడు మా వారు ఓడ మీదే ఉన్నారు, డిసెంబరులో గాని రాలేకపోయారు. వాడి లెక్కలో ఇద్దరూ ఊరెళ్ళినవాళ్ళే. ఒకరు వచ్చారు, ఒకరు రాలేదు. వచ్చినవారు మళ్ళీ వెళతారని వాడికి తెలుసు.

గాజువాక నాన్న

అమ్మా, మిమ్మల్ని మీరు నిందించుకోకండి. మా ఇళ్ళన్నింటిలోనూ పిల్లలకు ఇలాగే చెబుతారు.

అయితే ఆటగది గారి మాటతో నాకు పూర్తి అంగీకారం లేదు. మా అమ్మాయికి పదేళ్ళు. నా బైకు మీద వస్తుండగా పడిపోయాం. దెబ్బలు చిన్నవే గాని, ఆ తరువాత ఏ బండీ ఎక్కనంది. బడికి రెండు కిలోమీటర్లు నడిపించుకుని వెళ్ళేవాణ్ణి, తరువాత షిఫ్టుకు పరిగెత్తేవాణ్ణి. ఇలాంటి ఆటగదిలోనే మూడు నెలలు గడిచాయి. పాప సంతోషంగా వెళ్ళేది, సంతోషంగా వచ్చేది, బండి మాత్రం ఎక్కేది కాదు. తరువాత మరొకరి దగ్గరికి వెళ్ళాం. ఆయన మొదటి వారం బొమ్మను బొమ్మ బండి మీద ఎక్కించారు, రెండో వారం ఆపి ఉన్న స్కూటరు మీద ఆ బొమ్మను పాప చేతే కూర్చోబెట్టించారు, మూడో వారం పాపను కూర్చోబెట్టారు. ఆరో వారానికి మా వీధి చివరి వరకు వచ్చింది. ఊరికే వెనక నడిచి ఉంటే మేము ఇప్పటికీ నడుస్తూనే ఉండేవాళ్ళం.

ఆటగది

గాజువాక నాన్నగారు చెప్పినది నిజం, నేను కాదనను. ఈ రంగంలో రెండు దారులు ఉన్నాయి. ఒకటి పిల్లవాడు నడిపేది, రెండోది కౌన్సెలర్ ఒక లక్ష్యం పెట్టుకుని ఆటను ఆ వైపు నడిపేది. ఫలానా వస్తువంటే భయం, ఫలానా పని చేయలేకపోవడం అన్నప్పుడు మెట్టు మెట్టుగా దగ్గరికి తీసుకెళ్ళే రెండో దారే త్వరగా ఫలిస్తుంది. మూడు నెలలైనా మీ పాప బండి ఎక్కనప్పుడు, మొదటి కౌన్సెలర్ ఆగి మీతో కూర్చుని దారి మార్చి ఉండాల్సింది. ఏదో తెలియని బరువు మోస్తూ మాట ఆగిపోయిన పిల్లవాడికి మొదటి దారి అవసరం, ఎందుకంటే లక్ష్యం ఏమిటో మనకే ఇంకా తెలియదు.

వాల్తేరు వాసి గారు రుజువు అడిగారు. 2005లో స్యూ బ్రాటన్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు కలిసి 93 నియంత్రిత అధ్యయనాలను, అంటే చికిత్స పొందిన పిల్లలను పొందనివారితో పోల్చి చూసినవాటిని, ఒకచోట చేర్చి లెక్క కట్టారు. ఆట చికిత్స పొందిన పిల్లల సగటు, పొందని పిల్లల సగటు కంటే 0.80 ప్రామాణిక విచలనం (పిల్లల మధ్య మామూలుగా ఉండే తేడాలను కొలిచే కొలత) మేరకు మెరుగ్గా ఉందని తేలింది. ఈ లెక్కల్లో దాన్ని పెద్ద తేడాగానే పరిగణిస్తారు. కౌన్సెలర్ల దగ్గర శిక్షణ పొంది తల్లిదండ్రులే ఆడించిన చోట ఫలితం ఇంకా ఎక్కువగా కనిపించింది. ఆ అధ్యయనాల్లో చాలా వాటిలో పిల్లల సంఖ్య తక్కువన్న విమర్శ ఉంది, అది సరైన విమర్శే.

అర్హత గురించి మీరు అడిగినది ప్రతి తల్లీ తండ్రీ అడగవలసిన ప్రశ్న. క్లినికల్ సైకాలజిస్టు అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు సంఖ్య ఉంటుంది, అడిగితే చూపించాలి. అయితే ఆ సంఖ్య చదువుకు సాక్ష్యమే గాని, ఆట చికిత్స నేర్చుకున్నారనడానికి సాక్ష్యం కాదు. కాబట్టి ఎక్కడ నేర్చుకున్నారు, ఎంతకాలం నేర్చుకున్నారు, ఇప్పుడు మీ పనిని చూసి సరిదిద్దే పెద్దవారు ఎవరైనా ఉన్నారా అని మూడు ప్రశ్నలు అడగండి. మూడో ప్రశ్నకు ముఖం చిట్లించిన వారి దగ్గరికి నేనైతే నా బిడ్డను పంపను.

వాల్తేరు వాసి

నేను అడిగినదానికి సూటిగా జవాబు వచ్చింది, సంతోషం. మరి ఎంవీపీ అమ్మగారి భర్త అన్న మాట సంగతేమిటి? ఇంట్లో ఆడిస్తే సరిపోదా?

పెందుర్తి పంతులమ్మ

దానికి జవాబు ఆటగది గారు చెబుతారు గాని, ఈ లోగా నాకు గుర్తొచ్చినది చెప్పనివ్వండి. ఒకే రకం ఆట మళ్ళీ మళ్ళీ ఆడటం గురించి ఎంవీపీ అమ్మగారు రాసినప్పటి నుంచి నా మనసు 2014లోనే ఉంది.

ఆ ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నేను ప్రాథమిక పాఠశాలలో పని చేస్తున్నాను. బడి మళ్ళీ తెరిచాక పిల్లలందరూ ఒకటే ఆట. పుల్లలతో ఇల్లు కట్టడం, పలకను రేకులా కప్పడం, నోటితో హోరుమని ఊదుతూ దాన్ని ఎగరగొట్టడం. మొదట నేను కోప్పడ్డాను, అరిష్టపు ఆట అన్నాను. నేను అటు తిరగగానే వాళ్ళు మళ్ళీ ఆడారు. కొన్నాళ్ళకు ఆ ఆటలోకి కరెంటువాళ్ళు వచ్చారు. పుల్లతో స్తంభం నిలబెట్టి, దారం చుట్టి, "కరెంటొచ్చేసింది" అని అందరూ అరిచేవారు. తరువాత కొత్త రేకులు వచ్చాయి. ఆపైన ఆ ఆట తనంతట తానే పోయి, కబడ్డీ వచ్చింది.

మూడో తరగతి పిల్లవాడు ఒకడు మాత్రం వేప చెట్టు కింద ఒంటరిగా కూర్చుని, పుల్లలు నిలబెట్టి పడగొట్టేవాడు. ముఖంలో ఏమీ ఉండేది కాదు, నోటితో హోరు కూడా పెట్టేవాడు కాదు. వాడి ఆటలోకి కరెంటువాళ్ళు రాలేదు. నెల దాటినా నిలబెట్టడం, పడగొట్టడం అంతే. ఏం చేయాలో నాకు తెలియలేదు. భోజనాల గంటలో వెళ్ళి వాడి పక్కన నేల మీద కూర్చున్నాను, మాట్లాడలేదు. రెండు రోజులు నన్ను చూడనట్టే ఉన్నాడు. నాలుగో రోజు ఒక పుల్ల నా చేతికి ఇచ్చాడు. నేను నిలబెట్టాను. వాడు తన పుల్లలన్నీ పడగొట్టి, నాది వదిలేశాడు.

నేను ఏ శిక్షణా పొందలేదు. అది చికిత్స అని నేను అనడం లేదు.

ఆటగది

పంతులమ్మగారు, మీరు చెప్పిన ఆ ఇద్దరి ఆటల మధ్య తేడాయే మేము గదిలో ప్రతి వారం వెతికేది. భయంకరమైనది చూసిన పిల్లలు దాన్ని ఆటలో తిరగదోడతారు. ఆ ఆటలో రోజుకొక చిన్న మార్పు, ఒక కొత్త మనిషి, ఒక సాయం వస్తూ ఉంటే పిల్లవాడు తన గాయాన్ని తానే కడుగుతున్నాడని అర్థం. ఏ మార్పూ లేకుండా, ఆనందం లేకుండా, గానుగెద్దులా తిరుగుతూ ఉంటే ఆట వాడిని ఇంకా లోతుకు లాగుతోందని అర్థం, అప్పుడు పెద్దవాళ్ళు మెల్లగా చెయ్యి అందించాలి. మీరు అదే చేశారు.

ఎంవీపీ అమ్మగారు ఆ కౌన్సెలర్‌ను, "మొదటి వారం నుంచి ఇప్పటికి బండి ఆటలో ఏమైనా మారిందా" అని అడగాలి. గదిలో పిల్లవాడు చెప్పిన ప్రతి మాటా ఆవిడ మీకు చెప్పకపోవచ్చు, వాడి నమ్మకం నిలవాలంటే అది అవసరం. కాని ఆట ఏ దిశలో పోతోంది, ఇంట్లో మీరేం చేయాలి అన్నది చెప్పవలసిన బాధ్యత ఆవిడదే. "చాలా పని చేశాడు" అని చెప్పి పంపేయడం చాలదు. మీకు కోపం రావడం సహజం. తాతగారి గురించి బాబుకు చెప్పిన మాట ఏమిటో ఆవిడకు మీరు చెప్పారా?

ఎంవీపీ అమ్మ

చెప్పలేదు. ఆవిడ మొదటి రోజు ఇంటి విషయాలన్నీ అడిగారు, తాతగారు పోయారని చెప్పాను గాని, బాబుతో ఊరెళ్ళారని అన్నామని చెప్పడం అవసరమని తోచలేదు.

కైలాసగిరి 22

నేను సైకాలజీ ఎంఏ విద్యార్థిని. ఇక్కడ ఒక ప్రశ్న అడగవచ్చో లేదో తెలియదు. పిల్లవాడు బొమ్మలతో ఆడుతూ, ఎవరో తనతో తప్పుగా ప్రవర్తించారని అనిపించే దృశ్యం చూపిస్తే కౌన్సెలర్ ఏం చేయాలి? అది కూడా గోప్యమేనా?

ఆటగది

తప్పక అడగవలసిన ప్రశ్న. బొమ్మల ఆట ఒక్కటే సాక్ష్యం కాదు. పిల్లలు ఎక్కడో చూసినదాన్ని కూడా ఆడతారు. ఆ క్షణంలో "ఎవరు చేశారు, మామయ్యేనా?" అని పేర్లు అందిస్తూ గుచ్చి గుచ్చి అడగడం కంటే పెద్ద తప్పు లేదు, పిల్లవాడు మన నోటి మాటనే తిరిగి చెబుతాడు. ఏం చూశామో, ఏం విన్నామో మాట మార్చకుండా రాసి పెట్టుకోవాలి. అయితే నేరం జరిగిందన్న అనుమానానికి ఆధారం ఉంటే గోప్యత అక్కడితో ఆగిపోతుంది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం కౌన్సెలర్‌కైనా, తల్లిదండ్రులకైనా, ఉపాధ్యాయులకైనా తప్పనిసరి. పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేసినా దారి చూపిస్తారు. ఈ సంగతి మొదటి రోజే తల్లిదండ్రులకు చెప్పే కౌన్సెలర్‌ను నమ్మవచ్చు.

సింధియా ఇల్లాలు

మా పక్క ఇంటి పిల్లలు ఒకరు పంజాబీ, ఒకరు మలయాళీ. మా అమ్మాయి తెలుగు. మాట రాకముందే ముగ్గురూ ఒక అట్టపెట్టెలో దూరి అది జలాంతర్గామి అని ఆడేవారు. కౌన్సెలర్‌తో ఇంగ్లీషులో మాట్లాడలేక మూగబోయిన పిల్లలను ఈ కాలనీలో నేను చూశాను. బొమ్మలకు భాష అడ్డం రాదు, నాకు ఈ పద్ధతి నచ్చిన కారణం అదే.

లక్కపిడత

బొమ్మల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మాది ఏటికొప్పాక వైపు. మా ఊరి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అంకుడు కర్రను చక్రం మీద తిప్పుతూ, చెట్ల నుంచి తీసిన రంగు కలిపిన లక్కను అద్దుతారు. కొన్నేళ్ళ క్రితం ఒక కౌన్సెలర్ మా దగ్గరికి వచ్చి, లక్కపిడతల సెట్టు తీసుకుని, కొన్ని మనుషుల బొమ్మలకు కళ్ళూ నోరూ వద్దు, ఊరికే గుండ్రని తల చాలన్నారు. ఎందుకని అడిగితే, నవ్వు ముఖం ఉన్న బొమ్మతో పిల్లలు ఏడుపు ఆడలేరు, ముఖం లేకపోతే ఏ ముఖమైనా పెట్టుకుంటారని చెప్పారు. అంతవరకు మా పనిలో అదే లోపమనుకునేవాణ్ణి.

సీతమ్మధార

ట్యాబులో బొమ్మలకు బట్టలు వేసే ఆటలు, ఇళ్ళు కట్టే ఆటలు ఉన్నాయి కదా. అవి పనికిరావా?

గాజువాక నాన్న

ట్యాబులో బొమ్మ విసిరి కొడితే పగలదు, పూడిస్తే కనిపించకుండా పోదు. మా అమ్మాయి ఆ స్కూటరు సీటును చేత్తో తడిమి, వేడిగా ఉందని వెనక్కి లాక్కుని, మళ్ళీ తడిమింది. అది తెర మీద జరగదు.

ఆటగది

వాల్తేరు వాసి గారి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెబుతాను. ఇంట్లో ఆడించవచ్చు, ఆడించాలి కూడా. 1960లలో అమెరికాలో బెర్నార్డ్ గెర్నీ, లూయిస్ గెర్నీ దంపతులు తల్లిదండ్రులకే ఈ పద్ధతి నేర్పడం ప్రారంభించారు. ఆ తరువాత నార్త్ టెక్సాస్ విశ్వవిద్యాలయంలో గ్యారీ ల్యాండ్రెత్, స్యూ బ్రాటన్ దాన్ని పది వారాల శిక్షణగా కుదించారు. వారానికి ఒక రోజు, అరగంట, ఒకే చోట, ఆ అరగంటకు మాత్రమే బయటికి తీసే ఒక బొమ్మల పెట్టె. ఫోను పక్క గదిలో ఉండాలి. పాఠం చెప్పకూడదు, మెచ్చుకోకూడదు, సరిదిద్దకూడదు. బాగా చదివితేనే ఆట అని బేరం పెట్టకూడదు.

పెట్టెలో మూడు రకాలు ఉండాలి. ఇంటిని గుర్తు చేసేవి, అంటే మనుషుల బొమ్మలు, పిడతలు, పాల సీసా, డాక్టరు సామాను, బండ్లు. కోపం చూపించడానికి పనికివచ్చేవి, అంటే పులి, పాము, సైనికులు, కొట్టడానికి ఒక దిండు. మూడోది రంగులు, మైనపు ముద్ద, ఇసుక. బ్యాటరీతో తనంతట తాను ఆడేది వద్దు.

అన్నింటికంటే కష్టమైనది హద్దు. పిల్లవాడు కోపంతో మిమ్మల్ని కొట్టబోతే, "నా మీద నీకు చాలా కోపంగా ఉంది. నన్ను కొట్టకూడదు. ఆ దిండును కొట్టవచ్చు" అని మూడు వాక్యాలు ఆ వరుసలోనే, గొంతు పెంచకుండా చెప్పాలి. కోపాన్ని ఒప్పుకున్నాం, చేతిని ఆపాం, ఆ కోపానికి చోటు చూపించాం. మొదటి వాక్యం వదిలేసి రెండోదానితో మొదలుపెట్టే ఇళ్ళే ఎక్కువ.

అయితే మీ బాబు విషయంలో ఇది కౌన్సెలర్‌కు బదులు కాదు, ఆవిడ సాయంతోనే చేయవలసిన పని. ఎందుకంటే బాబు ఆటలో దాగి ఉన్న ప్రశ్న మీ గురించే, మీరు చెప్పిన మాట గురించే. ఆ మాటను ముందు సరిచేయాలి. చావంటే తిరిగిరాకపోవడమని పిల్లలకు అయిదు నుంచి ఏడేళ్ళ మధ్యలో అర్థమవుతూ వస్తుంది. నిద్రపోయారు, ఊరెళ్ళారు, దేవుడు తీసుకెళ్ళాడు అని చెబితే నిద్రంటే, ఊరంటే, దేవుడంటే భయపడతారు. "తాతయ్య గుండె ఆగిపోయింది, చనిపోయారు, ఇక రారు. మాకూ ఏడుపొస్తోంది" అని చెప్పండి. ఎలా, ఎప్పుడు చెప్పాలో ఆవిడతో కూర్చుని నిర్ణయించుకోండి.

మధురవాడ మామ్మ

ఆ మాట చెప్పేటప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పు తల్లీ. నీకు ఏడుపొస్తే ఆపుకోకు.

ఎంవీపీ అమ్మ

మూడు వారాల తరువాత రాస్తున్నాను. అందరూ ఏమైందని అడుగుతున్నారు.

కౌన్సెలర్‌కు అంతా చెప్పాను. ఆవిడ చాలాసేపు మౌనంగా ఉండి, మొదటి రోజు తాను మరో రెండు ప్రశ్నలు అడిగి ఉండాల్సిందని అన్నారు. మొదటి మూడు వారాలు బండిలో ఎవరూ ఉండేవారు కాదట, నాలుగో వారం నుంచి ఒక ముసలాయన బొమ్మను ఎక్కిస్తున్నాడట.

ఆదివారం ఉదయం మా వారు, నేను, బాబు మంచం మీద కూర్చున్నాం. మా వారే చెప్పారు. రెండో వాక్యానికే ఆయన గొంతు పూడుకుపోయింది, తండ్రి పోయినప్పుడు ఏడవడానికి ఓడ మీద ఆయనకు తీరిక దొరకలేదు. బాబు ఏడవలేదు. ఆయన చెంప తడిమి చూసి, "నువ్వు ఎక్కేది తెల్ల బండేనా నాన్నా?" అని అడిగాడు. కాదు, పెద్ద నీలం ఓడ అని చెప్పి, ఫోనులో ఫోటో చూపించారు. తరువాత టిఫిన్ తిన్నాడు. మధ్యాహ్నం మామగారి కళ్ళజోడు ఎక్కడుందని అడిగితే, బీరువాలోంచి తీసి ఇచ్చాను. ఆ రాత్రి దాన్ని తలగడ కింద పెట్టుకుని, ఏడ్చి ఏడ్చి పడుకున్నాడు.

మొన్న శనివారం గది దగ్గర నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగాడు. కౌన్సెలర్ కళ్ళతోనే రమ్మన్నారు, గోడ పక్కన కూర్చున్నాను. బాబు బండిని ఇసుకలో తోసుకుంటూ అంచు దాకా తెచ్చి ఆపాడు. ముసలాయన బొమ్మను దించి ఇసుక మీద పడుకోబెట్టి, జేబు రుమాలు కప్పాడు. "ఈయన రారు" అన్నాడు. "ఆయన రారు" అన్నారు ఆవిడ. అరలోంచి పడవ తెచ్చి, పెట్టె చుట్టూ మూడుసార్లు తిప్పి, నా మోకాలి దగ్గర ఆపాడు.

పక్క ఇంకా వారానికి రెండు రాత్రులు తడుస్తోంది. బడిలో నీళ్ళ సీసా మూత రాలేదని టీచరుగారిని అడిగాడట, ఆవిడ నాకు ఫోన్ చేసి చెప్పారు. మా వారు వచ్చే నెల 9న ఓడ ఎక్కుతారు. మానిపించే మాట ఆయన ఎత్తడం లేదు, లక్కపిడత గారి ఊరికి వెళ్ళి ముఖం లేని బొమ్మలు ఒక అరడజను తెద్దామంటున్నారు.

లక్కపిడత

ఆదివారం తప్ప ఏ రోజైనా రండి. పడవ కూడా చేయిస్తాను, నీలం రంగుదే.